ముద్ద బంతా, రేక బంతా? తేనెటీగల కోసం పూలమొక్కలు ఎంచుకోవడం

మిద్దె మీద మొదటిసారి బీర, సొర, కాకర పాదులు పెట్టిన ఏడాది తీగలు పందిరి నిండా పాకాయి, పూలు విరగబూశాయి, పిందెలు మాత్రం వేలెడంత అయ్యేసరికి పసుపుబారి రాలిపోయాయి. బలం చాలలేదేమోనని వేపపిండి వేశాను, జీవామృతం పోశాను. రాలేవి రాలుతూనే ఉన్నాయి. తోటల అనుభవమున్న పెద్దాయన ఒకరు వచ్చి చూసి, మొక్కలకు జబ్బేమీ లేదనీ, ఆడపువ్వుకు పుప్పొడి అందడం లేదనీ తేల్చారు. నిజమే. నాలుగో అంతస్తు పైన, చుట్టూ నీళ్ల ట్యాంకులూ సిమెంటు గోడలూ తప్ప మరేమీ లేని చోటికి తేనెటీగ ఏం పని ఉందని వస్తుంది?

పూలమొక్కలు పెడితే అవే వస్తాయనుకుని ఆ వారమే నర్సరీకి వెళ్లాను. ఆరు ముద్ద బంతులు, రెండు చామంతులు, ఒక కాగితంపూల మొక్క తెచ్చాను. మిద్దె పెళ్లిపందిరిలా తయారైంది. వారం గడిచింది, ఇరవై రోజులు గడిచాయి. పెళ్లికి చుట్టాలెవరూ రాలేదు.

ఆ తరువాత రెండు మూడేళ్లపాటు ఒక్కో మొక్కా పెట్టి, ఉదయం కాఫీ గ్లాసుతో దాని ముందు కూర్చుని, ఎవరు వచ్చి పోతున్నారో చూస్తూ నేర్చుకున్నాను. అలా చూసినవీ, చదివి తెలుసుకున్నవీ కలిపి రాస్తున్నాను. మీకూ నాలాగే నర్సరీలో చెయ్యి ముందు రంగు మీదికి పోతుంటే, కొనే ముందు ఇది ఒకసారి చదవండి.

పువ్వు నిండితే ఈగకు కడుపు నిండదు

అన్నింటికంటే ముందు తేల్చుకోవలసింది ముద్ద పువ్వా, రేక పువ్వా అన్నది. బంతి, చామంతి, పొద్దుతిరుగుడు చూడడానికి ఒక్క పువ్వులా కనిపిస్తాయి గాని, ఒక్కొక్కటీ ఎన్నో చిన్న చిన్న పూలు కూర్చిన గుత్తి. నడుమ దిండులా ఉండే భాగంలోని సన్నని గొట్టపు పూలలోనే మకరందమూ పుప్పొడీ ఉంటాయి. అంచున ఉండే రేకలు పిలుపు కోసం. మనకు నిండుదనం నచ్చి, తరతరాలుగా రేకలు ఎక్కువ ఉన్న మొక్కలనే ఏరి పెంచుతూ వచ్చాం. ముద్ద రకాల్లో నడిమి గొట్టపు పూలు చాలావరకు రేకపూలుగా మారిపోయాయి. ముద్ద మందారంలో, గులాబీలో అయితే కేసరాలే రేకులైపోతాయి. వంటగది కూల్చి హాలు పెద్దది చేసుకున్న ఇల్లు లాంటిదన్నమాట. చుట్టానికి కూర్చోవడానికి చోటుంటుంది, తినడానికి ఏమీ ఉండదు.

కాబట్టి బంతి పెట్టాలనుకుంటే రేక బంతి పెట్టండి. పసుపు అంచుతో ముదురు ఎరుపు రంగులో, ఒకే వరుస రేకలతో, మధ్యలో పసుపు దిండు స్పష్టంగా కనిపించే పొట్టి రకం. నర్సరీల్లో ఇది తేలికగా దొరకదు, ఎందుకంటే దండ గుచ్చడానికి పనికిరాదు. పల్లెల్లో పెరళ్లలో దానంతటదే మొలిచే బంతుల్లో మాత్రం తరచుగా కనిపిస్తుంది. ఎండిన పువ్వు ఒకటి జేబులో వేసుకొస్తే ఏడాదికి సరిపడా విత్తనం. ముద్ద బంతిని తీసిపారేయమనడం లేదు. టమాటా పొలాల్లో శనగపచ్చ పురుగుకు ఎర పంటగా బంతి వేస్తారు, గుమ్మాలకూ దేవుడి పటాలకూ అది కావాలి. దాని పని దానికుంది, తేనెటీగలను పిలవడం మాత్రం దాని పని కాదు.

ఇక్కడే ఇంకో చిక్కు. మనలో చాలామంది తెల్లవారకముందే సజ్జ పట్టుకుని బయలుదేరి, విరిసినదీ విరియబోయేదీ అన్నీ కోసేస్తాం. తేనెటీగలు ఎక్కువగా వచ్చేది కాస్త ఎండ తగిలాక. అప్పటికి పూలన్నీ దేవుడి గదికి చేరి ఉంటాయి. మా ఇంట్లో దీని మీద పెద్ద చర్చే జరిగి, చివరికి ఒప్పందం కుదిరింది: మెట్ల పక్క వరుస పూజకు, పందిరి కింది వరుస ఈగలకు. పండగ రోజున ఆ గీత చెరిగిపోతుందనుకోండి, అది వేరే విషయం.

ఎరుపు కనిపించదు

తేనెటీగ కంటికి ఎరుపు రంగుగా కనిపించదు. మనకు కనిపించని అతినీలలోహిత కాంతి దానికి కనిపిస్తుంది. కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే శాస్త్రవేత్త రంగు కాగితాల మీద చక్కెర నీళ్లు పెట్టి వందేళ్ల కిందటే ఈ రంగుల గుట్టు విప్పాడు. తేనెటీగల మీద చేసిన పరిశోధనలకు ఆయనకు 1973లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. నీలం, ఊదా, పసుపు, తెలుపు పూల వైపు ఈగలు తేలికగా వస్తాయి. ఎర్రటి ఐదు రేకల మందారం పెడితే మీ ఇంటికి ఎక్కువగా వచ్చేది తేనెపిట్ట. అది కూడా మంచి అతిథే, చూడముచ్చటగా ఉంటుంది, కానీ మీ దోసపాదుకు సాయం చేయదు. అలాగని రంగును పట్టుకుని వేలాడకండి. రంగు సరిపోయినా లోపల తిండి లేకపోతే ఈగ రెండోసారి రాదు. గన్నేరు ఇందుకు మంచి ఉదాహరణ. తెల్లగన్నేరైనా అంతే, పువ్వులో మకరందం ఉండదు.

సబ్జా, తులసి, ధనియాలు

ఒక్క మొక్కే పెట్టగలనంటే నా ఓటు సబ్జాకు. రుద్రజడ అనీ భూతులసి అనీ కూడా అంటారు. కిరాణా కొట్టులో ఫలూదా కోసం అమ్మే నల్లటి సబ్జా గింజలనే చిటికెడు మట్టి మీద చల్లి, పైన పలచగా మట్టి కప్పితే చాలు, వారం రోజుల్లో మొలుస్తాయి. రెండు మూడు నెలలకు వెన్నులు వేసి పూత మొదలవుతుంది. చిన్న చిన్న తెల్లటి పూలు, చూడడానికి ఏమంత అందం లేదు. ఫోటో తీసి చూపించుకునే మొక్క కాదు. కానీ ఎండెక్కాక దాని దగ్గర నిలబడితే సన్నని రొద వినిపిస్తుంది. చిన్న తేనెటీగలు, పుట్టతేనె పెట్టే ఈగలు, గోడ బీటల్లో మైనపు గొట్టం కట్టుకుని బతికే కొండి లేని బుల్లి ఈగలు, నీలి చారల ఈగలు, అన్నీ ఒకే కుండీ చుట్టూ. కిందినుంచి పైకి ఒక్కో వెన్నూ వారాల తరబడి పూస్తూనే ఉంటుంది. ఎండిన వెన్నులు కత్తిరిస్తూ పోతే కొత్త కొమ్మలు వేసి మళ్లీ పూస్తుంది.

దీనికి లోపాలు లేకపోలేదు. ఎత్తుగా సాగిపోయి గాలివానకు పడిపోతుంది. గింజలు రాలి పక్క కుండీలన్నింటిలో మొలుస్తాయి. రెండోదాన్ని నేను లోపంగా లెక్కపెట్టడం మానేశాను.

తులసి కూడా దాదాపు అంతే మంచిది, అదే కుటుంబం. కానీ కోటలోని తులసికి వెన్ను కనబడితే గిల్లేయడం మన అలవాటు. మొక్క గుబురుగా ఉండాలంటే అది అవసరం కూడా. అందుకని కోటలోది అలాగే ఉంచి, వెన్నులు గిల్లకుండా వదిలేసే తులసి ఇంకొకటి వేరే కుండీలో పెట్టుకోండి. రెండింటిలో తేడా ఏమిటంటే, సబ్జా ఏడాదిలోపు ముసలిదై మళ్లీ విత్తుకోవలసి వస్తుంది, తులసి ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది. తొందరగా పూత కావాలంటే సబ్జా, ఓపిక ఉంటే తులసి.

ధనియాల సంగతి వేరు. కొత్తిమీర పూతకు వచ్చిందంటే పనికిరాదని పీకేస్తాం. అక్కడే కాస్త ఆగాలి. గొడుగులా విచ్చుకునే ఆ చిన్న తెల్లపూల మీదికి బుల్లి ఈగలతో పాటు సిర్ఫిడ్ ఈగలు వస్తాయి. చూడడానికి పసుపు నలుపు చారలతో తేనెటీగలా ఉంటుంది, గాలిలో ఒకేచోట కదలకుండా నిలబడుతుంది, కుట్టదు. దాని పిల్లపురుగులు పేనుబంకను తింటాయి. చిక్కుడు మొక్కకు బంక పట్టి విసిగిపోయినవాళ్లకు ఈ ఒక్క కారణం చాలు. కాకపోతే పూత ఉండేది రెండు మూడు వారాలే, అదీ చలికాలంలోనే బాగుంటుంది. ఏడాది పొడవునా పనికొచ్చే సబ్జాకు బదులుగా దీన్ని పెట్టలేం, దానికి తోడుగా పెట్టుకోవచ్చు. చివర్లో గుప్పెడు ధనియాలు ఎలాగూ మిగులుతాయి. ఆవాలు, ముల్లంగి పూతకు వదిలినా ఇదే పద్ధతి.

అందం కూడా కావాలంటే

సబ్జా గుబురు మధ్య నాలుగు రంగులు కనబడాలని ఇంట్లో వాళ్లు అడగడం సహజం. అప్పుడు పోటీ కాస్మోస్, గడ్డిరోజా, పొద్దుతిరుగుడు, జిన్నియాల మధ్య.

వీటిలో పసుపు, నారింజ రంగు కాస్మోస్ నాకు అన్నింటికంటే నచ్చింది. విత్తనం చల్లి మరచిపోవచ్చు. ఒంటి వరుస రేకలు, నడుమ తెరిచిన దిండు. వానాకాలం విత్తితే దసరా నాటికి విరగబూసి ఉంటుంది. పొద్దుతిరుగుడు పువ్వు ఒక్కటే అయినా అంచు నుంచి నడుమకు వలయాలుగా చిన్న పూలు రోజూ కొన్ని చొప్పున విచ్చుకుంటాయి, అందువల్ల ఒకే తల మీద వారం పైగా విందు సాగుతుంది. ఈ పంటకు ఈగలు ఎంత ముఖ్యమో పొద్దుతిరుగుడు రైతులకు తెలుసు. అవి తక్కువైనచోట పూల మీద మెత్తని గుడ్డతో చేత్తో రుద్దుతూ చాళ్లన్నీ తిరగవలసి వస్తుంది. అయితే అలంకరణ కోసం అమ్మే పొద్దుతిరుగుడు రకాల్లో పుప్పొడి రాలకుండా తయారు చేసినవి ఉన్నాయి. ప్యాకెట్ మీద పుప్పొడి లేని రకమని రాసి ఉంటే వదిలేయండి. చిలకల కోసమో నూనె కోసమో అమ్మే మామూలు గింజ, వేయించనిది, చాలు. ఒక్కటే ఇబ్బంది, పూత అయిపోయాక మొక్క పనీ అయిపోయినట్టే. పదిహేను రోజులకొకసారి రెండేసి గింజలు పెడుతూ పోతేనే వరుస తెగదు.

గడ్డిరోజా, అంటే నర్సరీల్లో టేబుల్ రోజ్ అనేది, వేసవికి పెట్టింది పేరు. ఎండ బాగా తగిలాకే విచ్చుకుని మధ్యాహ్నం దాటాక ముడుచుకుంటుంది. విచ్చుకున్న ఆ కొద్ది గంటల్లో చిన్న ఈగలు పుప్పొడిలో పొర్లాడి వెళ్తాయి. లోతులేని తొట్టెలో, పిట్టగోడ మీద, ఏప్రిల్ ఎండలో కూడా బతికే మొక్క. ఇందులోనూ ముద్ద రకం ఉంది, జాగ్రత్త. ఐదు రేకలది అడిగి తీసుకోండి.

జిన్నియా సీతాకోకచిలుకలకు. ఈగలకు రెండో స్థానం. సీతాకోకచిలుకలే కావాలంటే పూలకంటే ముందు కరివేపాకు, నిమ్మ మొక్కలు పెట్టండి. వాటి మీద గుడ్లు పెడతాయి, పురుగులు ఆకు తింటాయి. ఆకు తింటున్నాయని మందు కొట్టేవాళ్లు చిలుకలను ఆశించకూడదు.

కాగితంపూల గురించి రెండు మాటలు చాలు. రంగురంగుల కాగితాల్లా కనబడేవి రేకలు కావు, ఆకులు. అసలు పువ్వు వాటి నడుమ ఉండే సన్నని తెల్లని గొట్టం. పొడవాటి నాలుక ఉన్న సీతాకోకచిలుకకు ఏదో కాస్త దొరుకుతుంది. గుండుమల్లె, పిటూనియా, నిండు చామంతి కూడా మన ముచ్చట కోసమే.

మీ కూరగాయ ఏ వేళకు పూస్తుంది?

పూలమొక్కను కూరగాయను బట్టి ఎంచుకోవాలన్న సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని, ఎండ ముదిరేలోపు వాడిపోతుంది. కాకర, దోస కూడా ఉదయం పూసేవే. వీటికి తేనెటీగలే దిక్కు. సబ్జా, కాస్మోస్ పక్కనే ఉంటే సరిపోతుంది.

బీర సాయంత్రం పూస్తుంది. చీకటి పడేలోగా వచ్చే ఈగలు కొంత పని చేస్తాయి. సొర, పొట్ల మాత్రం పొద్దు వాలాక విచ్చుకుంటాయి. తెల్లగా ఉండేది అందుకే, చీకట్లో రెక్కలపురుగులకు కనబడాలి కదా. నా మొదటి ఏడాది సొరకు సబ్జా పెట్టి ఉన్నా లాభం ఉండేది కాదు. సబ్జా దగ్గరికి వచ్చే ఈగ ఆ వేళకు గూట్లో ఉంటుంది. సొరపాదు పక్కన పెట్టవలసింది చంద్రకాంత. సాయంత్రం నాలుగైదు గంటలకు విచ్చుకుని, రాత్రంతా వాసన వెదజల్లి, పొడవాటి తొండమున్న రెక్కలపురుగులను రప్పిస్తుంది. రేరాణి కూడా రాత్రి పూసేదే, కానీ దాని ఘాటు కొందరికి తలనొప్పి తెస్తుంది, కుండీ కూడా పెద్దది కావాలి. ఈ రెండింటిలో నేను చంద్రకాంతనే ఎంచుకుంటాను. గింజా దుంపా విషపూరితం కాబట్టి చిన్నపిల్లలు ఆడుకునే చోట వద్దు. నాలుగైదు సొరకాయలకోసం ఇంత అవసరమా అంటే, పొద్దు గూకాక మగపువ్వు తుంచి, రేకలు వెనక్కి మడిచి, ఆడపువ్వు నడుమ నెమ్మదిగా అద్దండి. రెండు నిమిషాల పని. పిందె ఉన్నదే ఆడపువ్వు, ఉత్త కాడ ఉన్నది మగపువ్వు.

వంగ, టమాటాలది ఇంకో కథ. వీటి కేసరాల్లో పుప్పొడి ఉప్పుడబ్బాలో ఉప్పులా ఉంటుంది, కొసన చిన్న రంధ్రం. కుదిపితే తప్ప రాలదు. తేనెటీగకు ఆ కుదుపు చేతకాదు. పెద్ద నల్ల తుమ్మెద, నీలి చారల ఈగ పువ్వును పట్టుకుని ఒళ్లంతా ఝుమ్మని వణికించి పుప్పొడి రాల్చుకుంటాయి. టమాటాకు గాలి ఊపు కూడా కొంత సాయపడుతుంది, వంగకు తుమ్మెద వస్తే కాపులో తేడా కనిపిస్తుంది. తుమ్మెద కావాలంటే, నేల ఉన్నవాళ్లకు తంగేడును మించింది లేదు. తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో ముందుండే పువ్వు. తంగేడు పువ్వులో మకరందం ఉండదు, ఇచ్చేది పుప్పొడే, అదీ ఇలా వణికించి రాల్చుకోగల ఈగలకే. మిద్దె మీద అంత చోటు లేకపోతే డిసెంబరు పూలు పెట్టుకోండి. ఊదారంగు, చలికాలం నిండా పూత, నీలి చారల ఈగకు ఇష్టం. తుమ్మెద ఎండు వెదురు బొంగులోనో పాత కర్రలోనో తొలుచుకుని ఉంటుంది, కాబట్టి పందిరికి వాడిన పాత బొంగులను కాల్చేయకుండా ఒక మూల ఉంచండి.

ఎన్ని కుండీలు, ఎక్కడ

ఈగ ఒక తిరుగుడులో సాధారణంగా ఒకే రకం పువ్వు వెంట పోతుంది. పది రకాలు ఒక్కొక్కటి పెట్టడం కంటే మూడు రకాలు నాలుగేసి మొక్కలు ఒకేచోట గుంపుగా పెట్టడం మేలు. దూరం నుంచి కూడా కనబడుతుంది.

బాల్కనీలో రెండు కుండీలకే చోటుంటే, ఒకదాంట్లో సబ్జా, ఒకదాంట్లో గడ్డిరోజా. మిద్దెతోట ఉన్నవాళ్లు వీటికి కాస్మోస్, చంద్రకాంత, పూతకు వదిలిన ధనియాలు కలుపుకుంటే చాలు. పెరడు ఉన్న అదృష్టవంతులు ముందు మునగ నాటండి. కూరకు కాయలు, ఆకు, ఆ పైన ఏడాదిలో చాలా నెలలు ఈగలకు పూత. ఇన్ని పనులు చేసే చెట్టు ఇంకొకటి నాకు తోచదు. దాని నీడ అంచున తంగేడు, గోరింట.

చలికాలంలో ఎవరు పెట్టినా పూస్తాయి, పరీక్ష వేసవిలోనే. ఉగాదికి వేప పూస్తుంది, ఆ వెనకే కానుగ, తరువాత చింత. దగ్గర్లో ఈ చెట్లున్న వీధుల్లో ఈగలకు ఇబ్బంది లేదు. లేనిచోట మీ గడ్డిరోజా, నీళ్లు పోస్తూ కాపాడిన సబ్జా, వాటి పక్కన ఒక మూకుడులో నీళ్లు. మూకుడులో గులకరాళ్లు వేయాలి, లేకపోతే ఈగలు మునిగిపోతాయి. రోజూ నీళ్లు మార్చండి, దోమలు గుడ్లు పెట్టకుండా.

పక్కింటివాళ్ల భయం గురించి కూడా చెప్పాలి. పూల మీద తిరిగే ఈగ పనిలో ఉంటుంది, నలిపితే తప్ప కుట్టదు. పూలకుండీ పెట్టినంత మాత్రాన నీళ్ల ట్యాంకు కింద తేనెపట్టు పెట్టేయదు. అయినా బట్టలు ఆరేసే తీగకూ పిల్లలు ఆడేచోటుకూ దూరంగా పెట్టడం మర్యాద. ఇంట్లో ఎవరికైనా తేనెటీగ కాటుకు ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వచ్చిన చరిత్ర ఉంటే మాత్రం సాహసం చేయకుండా డాక్టరును అడగండి.

మందుల విషయంలో మాత్రం బేరాలు వద్దు. ఇమిడాక్లోప్రిడ్ వంటి పురుగుమందులు మొక్క ఒళ్లంతా పాకి మకరందంలోకీ పుప్పొడిలోకీ చేరతాయి. ఐరోపా సమాఖ్య 2018లో ఆరుబయట పంటలకు దీన్నీ దీని జాతి మందులు మరో రెండింటినీ నిషేధించింది ఈగల కోసమే. కుండీలో ఇది వాడి, పక్కన సబ్జా పెట్టడమంటే విందుకు పిలిచి విషం పెట్టడమే. వేపనూనె కూడా ఈగలు వెళ్లిపోయాక సాయంత్రమే చల్లండి, పూల మీద పడకుండా. నర్సరీ నుంచి పూతతో తెచ్చిన మొక్కకు వాళ్లు ఏం కొట్టారో మనకు తెలియదు కాబట్టి, నేనైతే వచ్చిన పూత అంతా గిల్లేసి, కొత్త పూత వచ్చేదాకా దాన్ని దూరంగా ఉంచుతాను. విత్తనం నుంచి పెంచుకుంటే ఆ అనుమానమే ఉండదు, ఖర్చూ తక్కువ.

ఈ పూట మొదలుపెట్టాలనుంటే నర్సరీ దాకా పోనక్కర్లేదు. వంటింట్లో సబ్జా డబ్బా ఉందేమో చూడండి. నానబెట్టనివి చిటికెడు తీసి, ఖాళీ కుండీలో చల్లి, నీళ్లు చిలకరించండి. పైన పలచగా మట్టి కప్పి, చీమలు ఎత్తుకుపోకుండా మాత్రం చూసుకోండి. మా మొదటి విత్తనమంతా అలాగే పోయింది.